నాలుగో కప్పు

ముప్పై ఒక్క ఏళ్లు గవర్నరుపేట ప్రెస్సులో
మూలం పక్కన ప్రూఫు పెట్టుకుని
దీర్ఘం తేడా వస్తే ఎర్ర సిరా పెట్టినవాణ్ణి.
ప్రెస్సు మూసేసిన రోజున
పదకొండు నెలల జీతం బాకీ కింద
ఓనరు నా చేతిలో ఒక తాళంచెవి పెట్టాడు.
షెడ్డులో, కాగితం రీళ్ల వెనక, ఫియట్.
ముందు తలుపులు వెనక్కి తెరుచుకునే రకం.
మా ఆవిడ చుట్టూ తిరిగి చూసి
"దీన్నిండా అచ్చుతప్పులే" అంది.

నిజమే.
ఇండికేటరు ఏదో స్కూటరుది,
పక్క అద్దం లారీది,
హారను ఏ ఊరేగింపుదో.
నాలుగు పొరల రంగు. డాష్‌బోర్డు విప్పితే
ఎండ తగలని మూల అసలు రంగు దొరికింది,
పాలల్లో చింతచిగురు నూరి కలిపినట్టు.

రోహిణి కార్తెలో ఆటోనగర్ తిరిగాను.
రోడ్డు మీద ఆయిలు మరకలు కూడా కాగుతున్నాయి.
"ఒరిజినలే సార్" అన్నాడు ఒకడు,
డబ్బా మీద కంపెనీ పేరులోనే అక్షరం తప్పు.
"ఒరిజినల్ కంటే మంచిది" అన్నాడు ఇంకొకడు.
ఆ మాట కింద గీత గీద్దామని
జేబులో పెన్ను తడుముకున్నాను.
పాత ఇనుము మస్తాన్‌వలీ తలెత్తకుండానే,
"అదెప్పుడో కరిగి
నాగాయలంకలో ఎవరింటికో కిటికీ ఊచలయ్యుంటుంది" అన్నాడు.

అయినా దొరికాయి, ఒక్కొక్కటీ.
వెనక దీపం అద్దం కొండపల్లిలో,
ఒక కోళ్లగూటి కంతకు అడ్డంగా,
పొద్దున్నే కోళ్లకి ఎర్రటి వెలుతురు పంపుతూ.
చక్రాల కప్పులు మూడు,
గుంటూరు పట్నంబజారులో, ఒకే గోతంలో, తూకానికి.
నాలుగోది లేదు.
మూడు కప్పుల బండంటే
ఒత్తు పడిపోయిన మాట.
చదవగలం. చదివినప్పుడల్లా గుచ్చుకుంటుంది.

ఒక పొద్దున రెండో గేటు దగ్గర
నాంచారమ్మ బండి ముందు పూరీ తింటున్నాను.
బొంబాయి చట్నీ గిన్నె మీద మూత.
నడుమ ఆ ఉబ్బు. అంచున ఆ వంపు.
పూరీ గొంతులో ఆగింది.

"అమ్ముతావా అమ్మా?"
"మూత అమ్మేసి, చట్నీ మీద నా చెయ్యి పెట్టనా?"
ఐదొందలన్నాను. వెయ్యన్నాను.
ఆమె గరిటెతో దాన్ని ఠంగున కొట్టింది.
"ఇదిగో, ఈ మోత రావాలి.
మూడో షెడ్డు దాకా వినబడితే
టిఫిను తయారని నా పిల్లకాయలొస్తారు.
ఇంతే బరువుండాలి, గాలికి లేవకూడదు.
సరిగ్గా ఇట్టాంటిదే తెచ్చియ్యి, పట్టుకుపో."

ఆమె లెక్కలో అదే ఒరిజినలు.
ఇక డూప్లికేటు వెతకాల్సింది నేను.

లేతు బ్రహ్మయ్యకి కొలతలిచ్చాను.
అల్యూమినియంతో ఒకటి చేశాడు. "గొంతు లేదు దీనికి" అంది.
స్టీలుది ఈదురుగాలికి గిరగిరా తిరిగి రోడ్డెక్కింది.
ఇంకోదానికి బ్రహ్మయ్య
పాత బస్సు రేకు కోసి, సాగగొట్టి,
చెవి దగ్గర వాయించుకుని, మళ్లీ సాగగొట్టి,
"ఇంత పిచ్చి పని నాకెవరూ చెప్పలేదు సార్" అని
కూలి సగమే తీసుకున్నాడు.

నాంచారమ్మ కొట్టింది. విన్నది. ఇంకోసారి కొట్టింది.
మూడో షెడ్డులోంచి ఒక కుర్రాడు
గ్రీజు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.
ఆమె ఏమీ అనలేదు.
పాత మూత కడిగి, కొంగుతో తుడిచి ఇచ్చింది.

కప్పు అంచు పొడుగునా
పధ్నాలుగేళ్ల గరిటె దెబ్బలు, పక్కపక్కన చిన్న సొట్టలు.
"నిమిషంలో తీసేస్తా" అని బ్రహ్మయ్య సుత్తి ఎత్తాడు.

మా పనిలో ఒక గుర్తుంది.
పొరపాటున కొట్టేసిన మాట కింద
వరసగా చుక్కలు పెడతాం.
అంటే, దిద్దొద్దు,
ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి.

సుత్తి చెయ్యి పట్టుకుని ఆపాను.

ఇప్పుడు బందరు కాలవ గట్టున పోతుంటే
ఎండ బాగా ఎక్కాక
కుడివైపు ముందు చక్రం నించి
కాస్త శనగపిండి వాసన.
పక్క సీట్లో ఆవిడ
"ఎక్కడన్నా ఆపు, పూరీ తిందాం" అంటుంది.